నిత్య జీవితంలో అవధానం

ఉదయం 4.30 గంటలకు అలారం మోగుతుంది. 'ఎ' షిఫ్టుకు బయలుదేరవలసిన ఉద్యోగి పూర్తిగా కళ్ళు తెరవకముందే ఆయన మనస్సు పరుగు మొదలుపెడుతుంది. నిన్న సగంలో ఆగిన మరమ్మతు, పై అధికారికి ఇవ్వవలసిన సంజాయిషీ, పెద్దబ్బాయి కాలేజీ ఫీజు గడువు, ఊళ్ళో ఉన్న తండ్రిగారి మోకాళ్ళ నొప్పి, సొసైటీ అప్పు వాయిదా... ఒకదాని వెనుక ఒకటి వరుస కడతాయి. వంటింట్లో ఆయన శ్రీమతి పరిస్థితి కూడా అంతే. ఒక పొయ్యి మీద పాలు, మరొక పొయ్యి మీద ఇడ్లీ పాత్ర, చేతిలో చిన్నమ్మాయి జడ, మనస్సులో మాత్రం మధ్యాహ్నం బ్యాంకులో చూసుకోవలసిన పని. ఆమె కూడా ఉద్యోగిని అయితే ఇక చెప్పనక్కరలేదు.

ఇటువంటివారికి "ప్రశాంతంగా ఉండండి, మనస్సును ఖాళీగా ఉంచుకోండి, అంతా మంచే జరుగుతుందనుకోండి" అని సలహా ఇవ్వడం తేలిక. బాధ్యతలు ఉన్న మనిషి మనస్సు ఖాళీగా ఎలా ఉంటుంది? ఉండవలసిన అవసరం కూడా లేదు. నిండుగా ఉన్న మనస్సుతోనే చేతిలోని పనిపై దృష్టి నిలపడం, ఉత్సాహం చెడకుండా రోజు గడపడం సాధ్యమే. దానికి కావలసింది అసాధారణమైన మనోబలం కాదు, కొన్ని చిన్న అలవాట్లు. ఈ సత్యాన్ని నేను పుస్తకాలలో చదవడానికి ముందే ఒక రాత్రి షిఫ్టులో నేర్చుకున్నాను.

ఆ రాత్రి

కొన్నేళ్ళ క్రితం సబ్‌స్టేషనులో షిఫ్టు ఇన్‌చార్జిగా పనిచేస్తున్నప్పటి మాట ఇది. ఆ సాయంత్రమే మా అమ్మగారిని ఆసుపత్రిలో చేర్పించి, తమ్ముణ్ణి తోడు ఉంచి, డ్యూటీకి వచ్చాను. మరునాడు ఆడిట్ వారికి ఇవ్వవలసిన సమాధానం ఇంకా సగంలోనే ఉంది. రాత్రి సుమారు 2 గంటలకు మెకానికల్ విభాగం వారు 'బి' నీటి పంపు మరమ్మతుకు పర్మిట్ అడిగారు. ఆ పంపు మోటారుకు విద్యుత్తు అందించే బ్రేకరును బయటికి లాగి, తాళం వేసి, హెచ్చరిక బిళ్ళ తగిలించిన తరువాతనే పర్మిట్ మీద సంతకం చేయాలి. అప్పటికి వందలసార్లు చేసిన పనే అది.

ప్యానెల్ ముందు నిలబడి, బ్రేకరును లాగే హ్యాండిల్‌ను తగిలించబోయాను. నా వెంట ఉన్న టెక్నీషియన్ నామఫలకం మీద టార్చి వేసి, వేలితో చూపిస్తూ, తన అలవాటు ప్రకారం పైకి చదివాడు: "కూలింగ్ వాటర్ పంపు, సి." వెంటనే పర్మిట్ కాగితం వైపు చూసి, "సార్, మనకు ఇచ్చింది 'బి' పంపు కదండీ" అన్నాడు.

నా చేయి అక్కడే ఆగిపోయింది. ఆ సమయంలో 'ఎ' పంపు నడుస్తోంది. 'బి', 'సి' రెండూ ఆగి ఉన్నాయి. కనుక నా పొరపాటు వెంటనే ఎవరికీ తెలిసేది కాదు. నడుస్తున్న పంపు ఏ కారణం చేతనైనా ఆగిపోతే 'బి' పంపు తనంతట తానే తిరగడం మొదలుపెట్టే ఏర్పాటు అక్కడ ఉంది. నా సంతకాన్ని నమ్మి దాని మీద చేతులు పెట్టవలసినవారు ఇద్దరు. వారిద్దరూ ఇళ్ళలో భార్యాబిడ్డలు ఉన్నవారే.

ఆ రాత్రి నా కళ్ళు తెరిచే ఉన్నాయి, చేతులు పనిచేస్తూనే ఉన్నాయి, మనస్సు మాత్రం ఆసుపత్రి వరండాలో ఉంది. జరగబోయి తప్పిన ప్రమాదంగా దానిని మరునాడు రిజిస్టరులో నా చేతితోనే నమోదు చేశాను. తరువాత చాలా రోజులు ఆలోచించాను. ఆ టెక్నీషియన్ ఆ రాత్రి నాకంటె ప్రశాంతంగా ఉన్నాడని చెప్పలేను. చెల్లెలి పెళ్ళి కుదిరి, డబ్బు సర్దుబాటు కోసం అతడు తిరుగుతున్న రోజులవి. మా ఇద్దరి మధ్య ఉన్న తేడా ఒక్కటే. నామఫలకాన్ని పైకి చదివే అలవాటు అతనికి ఉంది, నాకు లేదు.

మనస్సు వేరేచోట ఉన్నప్పుడు మనిషిని కాపాడేది సంకల్పం కాదు, అలవాటు. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో ప్రచురించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అలవాటుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడంటే దాని ప్రాధాన్యం గ్రహించవచ్చు.

అవధాని ఏమి చేస్తాడు?

'అవధానం' అనే మాటకు అర్థం ఏకాగ్రత. ఆ పేరుతోనే ఒక సాహిత్య ప్రక్రియను పెంచి పోషించుకున్న ఘనత తెలుగువారిది. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదర కవులు ఈ కళతో సభలను ఉర్రూతలూగించారు. అష్టావధానం చూసినవారికి ఆ సభ స్వరూపం తెలిసే ఉంటుంది. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. ఒకరు నాలుగు పదాలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం విధిస్తారు. ఒకరు వర్ణన కోరతారు. మధ్యమధ్య గంట మోగుతూ ఉంటుంది, దాని లెక్క తప్పకూడదు. ఇవి చాలవన్నట్టు అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి ఒకరు కొంటె ప్రశ్నలతో అవధాని దృష్టి మరల్చాలని ప్రయత్నిస్తూనే ఉంటారు.

అవధాని ఎనిమిది పనులనూ ఒకేసారి చేస్తున్నాడని మనం అబ్బురపడతాం. నిదానంగా గమనిస్తే జరిగేది వేరు. అతడు ఒక పృచ్ఛకుని వద్ద ఒక పాదం పూర్తి చేస్తాడు. దానిని మనస్సులో భద్రపరచి తరువాతి పృచ్ఛకుని వైపు తిరుగుతాడు. ఈ విధంగా నాలుగు ఆవృత్తులలో నాలుగు పాదాలు పూర్తవుతాయి. అప్రస్తుత ప్రసంగికి చిరునవ్వుతో చమత్కారంగా బదులు చెప్పి, విడిచిన చోటికే తిరిగి వస్తాడు. కసురుకోడు, ఆ ప్రశ్న వెంట కొట్టుకుపోడు. చివరికి పద్యాలన్నింటినీ ధారణ చేసి వినిపిస్తాడు.

ఇందులో మనబోటి సామాన్యులకు మూడు పాఠాలున్నాయి. ఒక సమయంలో ఒకే పాదం. ఆగిన చోటు భద్రం. అంతరాయానికి కోపం లేని సమాధానం, ఆపై పనికి పునరాగమనం. అవధానికి ఉన్న ధారణాశక్తి మనకు లేదన్న మాట నిజమే. కాని మనకు కాగితం, కలం ఉన్నాయి.

మనస్సు తత్వం

ఆధునిక మనస్తత్వశాస్త్రం కూడా ఇదే చెబుతోంది. మనిషి తక్షణ స్మృతిలో ఒక్కసారి నిలుపుకోగలిగిన అంశాలు సుమారు ఏడు అని జార్జి మిల్లర్ 1956లో సూచించాడు. అది ఇంకా తక్కువ, నాలుగుకు మించదని తరువాతి పరిశోధకులు పలువురు భావించారు. అటువంటి చిన్న పళ్ళెంలో మనం రోజంతటి పనులనూ వడ్డించుకుని కూర్చుంటున్నాం.

పైగా పూర్తి కాని పని మనస్సును ఊరకే ఉండనీయదు. 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగాలలో, నెరవేరని పని ఒకటి మనస్సులో ఉన్నవారికి వేరొక విషయం చదువుతున్నప్పుడు ఆ పని ఆలోచనలే అడ్డు వచ్చాయి. అయితే ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకున్నవారికి ఆ బెడద తొలగిపోయింది. పని పూర్తి కాలేదు, దానికొక వేళ, ఒక దారి ఏర్పడ్డాయి, అంతే. మనస్సు అడుగుతున్నది "ఇప్పుడే చేసెయ్యి" అని కాదు, "మరచిపోవు కదా?" అని మాత్రమే.

మనస్సు సంచారానికీ ఆనందానికీ గల సంబంధాన్ని 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనేవారు 2,250 మందిని ఫోను ద్వారా వేళకాని వేళల్లో ప్రశ్నించి పరిశీలించారు. సుమారు 47 శాతం సందర్భాలలో వారి మనస్సు చేస్తున్న పని మీద లేదు. అటువంటి సమయాలలో వారు సంతోషంగా ఉన్నది కూడా తక్కువే. కనుక ఏకాగ్రత, ఉల్లాసం వేరు వేరు విషయాలు కావు. ఒకదానికి చేసిన సాధన రెండవదానికీ ఉపకరిస్తుంది.

ఆచరించదగిన అలవాట్లు

1. జేబులో చిన్న పుస్తకం: తోచిన పనిని తోచిన వెంటనే రాసుకోవాలి. "ఫీజు" అని రాస్తే చాలదు. "శుక్రవారం క్యాంటీను విరామంలో బ్యాంకుకు వెళ్ళి ఫీజు కట్టాలి" అని వేళతో, చోటుతో రాయాలి. పడుకునే ముందు 5 నిమిషాలు మరునాటి పనులు రాసుకున్నవారు, పూర్తి చేసిన పనులను రాసుకున్నవారికంటె సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారని అమెరికాలో 57 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరిశీలనలో తేలింది. చీటీలో దిగిన పని తల మీద నుంచి దిగినట్లే.

2. ఒక పాదం ముగించి లేవడం: చేస్తున్న పనిని అర్ధంతరంగా వదలి మరొక పనికి వెళితే, మనస్సులో కొంత భాగం పాత పని వద్దనే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో నిరూపించారు. ఆఫీసులో పిలుపు వస్తే వెళ్ళక తప్పదు. వెళ్ళే ముందు అర నిమిషం ఆగి, "ఇక్కడిదాకా అయింది, తరువాత చేయవలసింది ఇది" అని ఒక వాక్యం రాసిపెట్టాలి. షిఫ్టు మారేటప్పుడు మనం లాగ్ బుక్కులో చేసేది ఇదే. ఒక షిఫ్టు మరొక షిఫ్టుకు ఇచ్చే మర్యాదను మన మనస్సుకు మనమే ఇచ్చుకోవడం అన్నమాట.

3. వేలితో చూపి, నోటితో పలకడం: మా టెక్నీషియన్ అలవాటు జపాన్ రైల్వేలలో చాలాకాలంగా నియమబద్ధంగా అమలులో ఉంది. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో జరిపిన పరీక్షలో, సాధారణమైన ఒక పనిని ఊరకే చేసినప్పుడు నూటికి 2.38 పొరపాట్లు జరగగా, వేలితో చూపి పైకి పలికి చేసినప్పుడు అవి 0.38కి తగ్గాయి. మన రైళ్ళలో కూడా లోకో పైలట్, సహాయ లోకో పైలట్ సిగ్నలు రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. కన్ను, వేలు, నోరు, చెవి నాలుగూ ఒకే చోట కలిసినప్పుడు మనస్సు కూడా అక్కడికి రాక తప్పదు. ఇది యంత్రాల వద్దనే కాదు, ఇంట్లో కూడా పనికివస్తుంది. "గ్యాస్ కట్టేశాను", "తలుపు తాళం వేశాను" అని పైకి అనుకుని చూడండి. దారి మధ్యలో అనుమానం వచ్చి వెనక్కు తిరగవలసిన పని ఉండదు.

4. అప్రస్తుత ప్రసంగానికి వేళ: ఈనాటి మన అప్రస్తుత ప్రసంగి సెల్‌ఫోను. బంధువుల గ్రూపులో శుభోదయం మొదలు ఎక్కడిదో తెలియని వార్త వరకు అది ప్రతి నిమిషం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. దానిని శత్రువుగా చూడనక్కరలేదు. అత్యవసర పిలుపులకు తప్ప మిగిలిన చప్పుళ్ళన్నీ ఆపి, రోజుకు మూడు నాలుగు వేళలు దానికి కేటాయిస్తే చాలు. ఇ-మెయిళ్ళను రోజుకు మూడుసార్లు మాత్రమే చూసుకున్న వారంలో మనుషులకు ఒత్తిడి తగ్గిందని 2015లో ప్రచురితమైన పరిశోధన ఒకటి తెలిపింది.

5. విచారానికి ఒక అరగంట: దిగులుపడవద్దని మనస్సును శాసించలేం, "ఇప్పుడు కాదు, సాయంత్రం 6 గంటలకు" అని నచ్చజెప్పగలం. 1983లో బోర్కోవెక్ బృందం ప్రతిరోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంటసేపు విచారానికి కేటాయించి, మిగిలిన సమయంలో వచ్చిన దిగులును ఆ వేళకు వాయిదా వేసే పద్ధతిని పరీక్షించి, దానివల్ల విచారం తగ్గడాన్ని గమనించింది. ఆ అరగంటలో కాగితం మీద రెండు వరుసలు గీయండి. మన చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి మరొకవైపు. మొదటి వరుసలోని వాటికి తరువాతి అడుగు రాసుకుంటే చాలు. ఆ పడుకునే గదిలో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు.

6. అలసట రాకముందే విశ్రాంతి: రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెరలను చూస్తూ కూర్చునే సిబ్బంది సమస్యను అధ్యయనం చేసిన నార్మన్ మాక్‌వర్త్, తదేకంగా కనిపెట్టి చూసే పనిలో మొదటి అరగంటలోనే మనిషి జాగరూకత తగ్గిపోతుందని 1948లో వెల్లడించాడు. కంట్రోల్ రూంలో మీటర్ల ముందు కూర్చునేవారు, అంకెలు సరిచూసే గణాంక విభాగం వారు, పరీక్షలకు చదివే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయడం, కాసిని మంచినీళ్ళు తాగడం, దూరంగా చూడడం సమయం వృథా చేయడం కాదు. రాత్రి షిఫ్టు చేసినవారికి పగటి నిద్ర విలాసం కాదు, అది మరునాటి భద్రతలో భాగం.

7. రోజు చివర మూడు మంచి సంగతులు: ప్రతి రాత్రీ ఆ రోజు సవ్యంగా జరిగిన మూడు విషయాలను, అవి ఎందుకు సవ్యంగా జరిగాయో కారణంతో సహా వారంపాటు రాసినవారిలో దిగులు తగ్గి, ఉల్లాసం పెరిగిందనీ, ఆ ఫలితం ఆరు నెలల వరకు కనిపించిందనీ సెలిగ్‌మన్ బృందం 2005లో తెలిపింది. గొప్ప సంగతులే కానక్కరలేదు. "బస్సు వేళకు వచ్చింది", "అమ్మ రెండు ఇడ్లీలు ఇష్టంగా తిన్నది" అన్నవి కూడా చాలు. ఆశావాదం అంటే కష్టం లేదని బుకాయించడం కాదు. కష్టంతోపాటు ఉన్న మంచిని కూడా లెక్కలోకి తీసుకోవడం. జమా రాయకుండా ఖర్చు మాత్రమే రాసే పద్దు ఎప్పటికీ సరిపోదు కదా!

ఇంటి సహకారం

ఈ అలవాట్లు ఒంటరిగా నిలబడవు. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి గుమ్మంలో కాలు పెట్టగానే ఇంటి సమస్యలన్నీ ఏకరువు పెట్టడం, ఆయన ఆఫీసు కోపాన్ని భోజనాల బల్ల వద్ద ప్రదర్శించడం రెండూ మంచివి కావు. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి కుదుటపడడానికి ఒక పావుగంట ఇరువైపులా ఇచ్చుకోవాలి. అలాగే ఇంటి పనుల జాబితా ఇల్లాలి తలలో మాత్రమే ఉండడం అన్యాయం. ఫ్రిజ్ మీదనో, గోడ క్యాలెండరు మీదనో అందరికీ కనిపించేలా రాసి, ఎవరి పని వారు పంచుకుంటే ఆమె మనస్సు కూడా కాస్త తేలికపడుతుంది. పెద్దలు పుస్తకంలో రాసుకుంటూ ఉంటే పిల్లలకు ఆ అలవాటు విడిగా నేర్పవలసిన పని లేదు.

ఏడు అలవాట్లనూ ఒకే రోజున మొదలుపెట్టాలనుకోవడం మరొక భారాన్ని నెత్తిన వేసుకోవడమే అవుతుంది. ఈ వారం ఒకటి చాలు. ఇప్పటికే ఉన్న అలవాటుకు దానిని జతచేయడం మేలు. అటెండెన్సు వేయగానే పుస్తకం తీయడం, రాత్రి దీపం ఆర్పే ముందు మూడు మాటలు రాయడం అటువంటివి. ఒకరోజు తప్పినా మరునాడు మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

అలవాటుకు లొంగని బాధ

ఒక్క హెచ్చరిక తప్పనిసరిగా చేయాలి. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, జీవితం మీదనే విరక్తి కలగడం జరిగితే అది అలవాట్లతో సర్దుకునే విషయం కాదు. జ్వరానికి వైద్యుణ్ణి సంప్రదించినట్లే దీనికీ సంప్రదించాలి. అందులో నామోషీ ఏమీ లేదు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన 'టెలి మానస్' సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడతారు. తోటి ఉద్యోగి కొన్నాళ్ళుగా మౌనంగా ఉంటే, "ఏమండీ, ఒంట్లో బాగుంటోందా?" అని పక్కన కూర్చుని అడగడం కూడా మన విధుల్లో ఒకటి.

ఆ రాత్రి తరువాత నేను ఏ ప్యానెల్ ముందు నిలబడినా నామఫలకాన్ని వేలితో చూపి పైకి చదువుతున్నాను. మొదట్లో కుర్రవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. కొంతకాలానికి వారు కూడా చదవడం మొదలుపెట్టారు. నా మనస్సులో చింతలు తగ్గాయని చెప్పను. అమ్మ కోలుకుని ఇంటికి వచ్చింది, ఆడిట్ సమాధానం వెళ్ళింది, వాటి స్థానంలో కొత్తవి వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు మాత్రం అవి జేబులోని పుస్తకంలో తమ వంతు కోసం వేచి ఉంటున్నాయి. నా ముందున్న పని ఒక్కటే, దాని పేరు నేను పైకి చదివాను.